ఓపియాయిడ్ గ్రాహకాలపై పరిశోధన: ఒక తండ్రి సందేహానికి సమాధానం

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. గొర్రెల పెంపకమే మా జీవనాధారం. అనంతపురంలో బీఎస్సీ జువాలజీ చివరి సంవత్సరంలో ఉన్న మా అమ్మాయి, ఎదిగే జంతువుల్లో ఓపియాయిడ్ గ్రాహకాలు హార్మోన్లను ఎలా నియంత్రిస్తాయో పరిశోధిస్తానంటోంది. అది మత్తుమందుల వ్యవహారమనీ, బీఈడీ చేయించడమే మేలనీ బంధువులు అంటున్నారు. మేమేం చేయాలి?

సమాధానం: ఓపియాయిడ్ అన్న మాట నల్లమందు (ఓపియం) పేరు నుంచే పుట్టింది కనుక మీవాళ్ళు భయపడటం సహజమే. 1973లో మెదడులో ఈ గ్రాహకాలను, అంటే కణాల మీద ఇటువంటి పదార్థాలు వచ్చి అతుక్కునే చోట్లను, గుర్తించినప్పుడు, గసగసాల మొక్క రసానికి మన ఒంట్లో చోటెందుకు ఉందన్న ప్రశ్న శాస్త్రవేత్తలకే వచ్చింది. మెదడు తానే తయారు చేసుకునే ఎన్‌కెఫాలిన్లు 1975లో బయటపడ్డాక ఆ చోటు ఎవరిదో తెలిసింది. మీ అమ్మాయి చదవాలనుకుంటున్నది ఈ సహజ పదార్థాల పనితీరును.

మీ మందలో ఒకే నెలలో పుట్టిన ఆడ గొర్రెపిల్లలన్నీ ఒకేసారి ఎదకు రావన్న సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. గొర్రె మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లోని కొన్ని నాడీకణాలు, ఎదకు రావడాన్ని తొందరపెట్టే కిస్‌పెప్టిన్‌ను, అడ్డుకట్ట వేసే డైనార్ఫిన్‌ను రెండింటినీ తయారు చేస్తాయి. ఒంట్లోనే పుట్టే ఓపియాయిడ్ అయిన ఈ డైనార్ఫిన్, ఓపియాయిడ్ గ్రాహకాల్లో ఒక రకమైన కప్పా గ్రాహకాలను పట్టుకున్నప్పుడు పీయూష గ్రంథికి వెళ్ళే సంకేతం తగ్గి, అండాశయాన్ని మేల్కొలిపే లూటినైజింగ్ హార్మోన్ విడుదల నెమ్మదిస్తుంది. ఓపియాయిడ్ గ్రాహకాలకు అడ్డుపడే నలాక్సోన్‌ను ఎదుగుతున్న ఎలుకలకు ఇచ్చినప్పుడు ఆ హార్మోన్ పెరిగే తీరు వాటి వయసును బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి మారుతుంది. పగ్గం అదే అయినా దాని బిగువు ప్రాయంతో మారుతోందన్నమాట. ఇంత మంచి ప్రశ్నను ఆమె ఎంచుకున్నందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

నా సందేహం వేరే చోట ఉంది. ఇటువంటి ప్రయోగాలకు వాడే పది రోజుల ఎలుకపిల్ల ఇరవై గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది, ఇంకా కళ్ళు తెరవదు, ఒంట్లోని రక్తమంతా కలిపినా ఒకటిన్నర మిల్లీలీటర్లు ఉంటుందేమో. అందులో నుంచే సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) తీసి హార్మోన్‌ను కొలవాలి, చాలా ప్రయోగాల్లో ఆ పిల్లను చంపక తప్పదు. జంతు నైతిక సంఘం అనుమతి లేకుండా ఇటువంటి ప్రయోగం జరగదు, మార్ఫిన్ వాడాలంటే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి లోబడాలి. కానీ అనుమతులన్నీ ఉన్నా, గొర్రెపిల్లలకు పాలు పట్టిన చేతులు ఆ పనికి ఒప్పుకుంటాయా అన్నది ఆమె ఒక్కతే తేల్చుకోవాలి. దయచేసి నెమ్మదిగా అడగండి. మనసొప్పకపోతే కణాల పెంపకంపై ఆధారపడే ప్రయోగశాలలూ ఉన్నాయి.

ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్ష రాసి, అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలోనే ఎమ్మెస్సీ జువాలజీ చేయవచ్చు. ఆ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) సాధిస్తే, పరిశోధనలో చేరాక మొదటి రెండేళ్ళూ నెలకు 37,000 రూపాయలు అందుతాయి. నెట్ అర్హత డిగ్రీ కళాశాల అధ్యాపక ఉద్యోగానికీ పనికొస్తుంది; బీఈడీని ఎమ్మెస్సీ తర్వాతైనా చేయవచ్చు. పీహెచ్‌డీ అంశం మాత్రం చాలావరకు మార్గదర్శకుల మీద ఆధారపడుతుంది కనుక, ఇప్పుడే ఒక్క గ్రాహకానికి కట్టుబడకుండా హార్మోన్ల గురించి చెప్పే అంతఃస్రావ శాస్త్రమంతా గట్టిగా చదవమనండి. హైదరాబాదుకో బెంగళూరుకో పంపవలసి రావచ్చు, అందుకు మీరూ సిద్ధపడండి.

ఈ సెలవులకు ఆమె ఇంటికి వచ్చినప్పుడు, ఈ ఏడు పుట్టిన ఆడ గొర్రెపిల్లల పుట్టిన తేదీ, నెలనెలా బరువు, మొదటిసారి ఎదకు వచ్చిన రోజు ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టించండి. ఆమె లేనప్పుడు ఆ లెక్క మీరు రాయండి.