ముసురు రోజుల కుంగుబాటు: బొమ్మల కథలో ఎలా చెప్పాలి?

చిత్రకళ, కార్టూన్, బొమ్మల కథల గురించి పాఠకులు అడిగే సందేహాలకు ఈ శీర్షికలో జవాబులిస్తున్నాము. ఋతువును బట్టి వచ్చే డిప్రెషన్‌ను బొమ్మల్లో చూపడం మీద ఈసారి వరుసగా ఉత్తరాలు అందినందున, ఈ సంచికలో ఆ ఒక్క విషయానికే చోటిచ్చాము.

ప్రశ్న: హనుమకొండలో ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను. మా అక్కకు ఏటా వానలు ముదిరినప్పటి నుంచి మనసు కుంగిపోతుంది. బతుకమ్మ నాటికి మళ్లీ మామూలు మనిషవుతుంది. ఇది ఋతువుతో వచ్చే డిప్రెషన్ అని డాక్టరు చెప్పారు. అక్కను అడిగి, ఆమె సరేనన్నాకే దీన్ని కామిక్‌గా గీయడం మొదలుపెట్టాను. నేను చూసిన విదేశీ కామిక్స్‌లో మంచు, మోడు చెట్లు, నీలి రంగు, తల వంచుకుని కూర్చున్న మనిషి కనిపిస్తాయి. నేనూ అలాగే గీస్తే, అమ్మ చూసి "ఇది మన పిల్ల కథ లెక్క లేదు" అన్నది. లోపం ఎక్కడున్నది?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ అమ్మగారు సరిగ్గానే పట్టుకున్నారు. ఆ మంచూ ఆ నీలమూ వాటిని గీసినవారికి నిజమే. 1984లో అమెరికాలో నార్మన్ రోసెంతాల్, ఆయన సహచరులు ఈ రుగ్మతను వివరించి పేరు పెట్టినప్పుడు వారు చూసిన రోగులు చలికాలపు పొట్టి పగళ్లలో కుంగిపోయేవారు. నార్వేలోని ట్రోమ్సో పట్టణంలోనైతే నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు పొడవనే పొడవడు. వరంగల్లు ఉన్నది దాదాపు 18 డిగ్రీల అక్షాంశం మీద కనుక, డిసెంబరులో వచ్చే అతి పొట్టి పగలు కూడా ఇక్కడ 11 గంటలుంటుంది. మన వెలుతురును మింగేది ఆషాఢ శ్రావణాల్లో రోజుల తరబడి కదలకుండా కూర్చునే మబ్బు. మీ కథలోని చీకటి ఆ ముసురులోంచే రావాలి.

ముసురు పట్టిన పగటిపూట కూడా ఆరుబయట వేల లక్సుల (లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) వెలుతురు ఉంటుంది. అదే సమయంలో ట్యూబులైటు వేసిన మామూలు గదిలో అది రెండు మూడు వందల లక్సులకు మించదు. అంటే జల్లు కొడుతుందని కిటికీలు మూసుకున్న ఇంట్లో పడుకున్న మనిషికీ, గడప అవతలి వాకిలికీ మధ్య వెలుతురులో ఎన్నో రెట్ల తేడా ఉంటుంది. ఈ తేడాను చూపడానికి రంగే అవసరం లేదు. గదినంతా పలచని ఇంకు వాష్‌తో, అంటే నీళ్లు కలిపిన ఇంకు పూతతో, రెండు మూడు పొరలు వేసి, ఓరగా తెరిచిన తలుపు సందును మాత్రం కాగితపు తెలుపుగా వదిలేయండి. అక్క ఆ తెల్లని పట్టీకి వీపు తిప్పి పడుకున్నదని తెలిస్తే చాలు, ఆమె ముఖంలో దుఃఖాన్ని గీయవలసిన పని ఉండదు. దండెం మీద నాలుగు రోజులైనా ఆరని చున్నీ, పొద్దున కట్టిచ్చినా సాయంత్రం దాకా మూత తీయని టిఫిన్ డబ్బా, మొన్నటి తేదీ దగ్గరే ఆగిపోయిన పాల లెక్క ఉన్న గోడ క్యాలెండరు: ఇవన్నీ మీ ఇంట్లోనే ఉన్నాయి. వాటిని చూసి గీయండి, ఊహించి గీయకండి.

వెలుతురు కన్నా నాకు ముఖ్యంగా తోచేది కాలం. బాధ ఏ డిప్రెషన్ కథలోనైనా ఉంటుంది. మీ అక్క కథను వేరు చేసేది ఆ బాధ వెళ్లిపోవడమూ, చెప్పినట్టే మళ్లీ రావడమూ. పోయిపోయి వచ్చే కాలాన్ని కాగితం మీద పక్కపక్కన పరచి చూపగలగడం బొమ్మల కథకున్న గొప్ప బలం, అయినా చాలామంది ఒక్క విషాద చిత్రంతో ఆ బలాన్ని వదులుకుంటారు. ఈ పరపుకు కొలతగా మన రైతుల కార్తెలను తీసుకోమని నా సలహా. ఒక్కో కార్తె పదమూడు, పద్నాలుగు రోజులుంటుంది. డిప్రెషన్‌ను నిర్ధారించడానికి వైద్యులు చూసే కనీస వ్యవధి కూడా రెండు వారాలే కనుక, కార్తెకొక పేజీ చొప్పున గీస్తే కథ నడక రోగం నడకకు దగ్గరగా ఉంటుంది. జూన్ రెండో వారంలో వచ్చే మృగశిర నుంచి సెప్టెంబరు చివర మొదలయ్యే హస్త దాకా తొమ్మిది పేజీలవుతాయి. మృగశిర పేజీని చిన్న చిన్న గడులతో (ఒక్కో బొమ్మ ఉండే చట్రాలతో), ఇంటినిండా మాటలతో నింపండి. పుష్యమికి వచ్చేసరికి గడులు తగ్గాలి, వాటి మధ్య తెల్లని సందు వెడల్పు కావాలి, ఎందుకంటే పాఠకుడు గడిచిన కాలాన్ని తన మనసులో కూర్చుకునేది ఆ సందులోనే. ఆశ్లేష, మఖ పేజీల్లో అదే గదిని అదే కోణంలో అదే సైజులో మళ్లీ మళ్లీ గీయండి. ఇతరుల మాటల బెలూన్లు గడి అంచు దాకా వచ్చి సగంలో తెగిపోవాలి. ఉత్తరలో ఒక గడిలో టిఫిన్ డబ్బా మూత తీసి ఉంటే, ఆ ఒక్క మార్పును పాఠకుడు వెంటనే గుర్తిస్తాడు. హస్తకు తంగేడు, గునుగు ఇంట్లోకి వస్తాయి.

అక్కడితో ఆపవద్దు. కుంగుబాటు వరుసగా రెండేళ్లు ఒకే కాలంలో వచ్చి, ఆ కాలం దాటగానే తగ్గితేనే వైద్యులు దానికి ఋతువుతో ముడి పెడతారు, కాబట్టి ఒక్క ఏడాది కథతో ఈ రోగం చెప్పినట్టు కాదు. రెండో ఏటి మృగశిర పేజీ కూడా గీయండి. మొదటి వానకు నేల మీదికి వచ్చిన ఎర్రని ఆరుద్ర పురుగును పిల్లలు అరచేతిలో పెట్టుకుని సంబరపడుతుంటే, అదే పురుగును చూసిన అక్క రాబోయేదాన్ని లెక్కపెట్టుకుంటుంది. బాగున్న రోజుల్లో కూడా ఉండే ఆ భయాన్ని నేను చూసిన బొమ్మల్లో ఎవరూ తగినంతగా పట్టుకోలేదు.

మన ప్రాంతంలో దీనికి పాత దారి కూడా ఉన్నది. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండి ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వెళ్లిన చేర్యాలలో నకాషీ కళాకారులు వేసే పొడవాటి చుట్ట పటం మీద కథ వరుసలు వరుసలుగా సాగుతుంది. కథకులు చుట్టను కొంచెం కొంచెంగా విప్పుతూ కులపురాణాలు చెప్పేవారు. విప్పేదాకా తర్వాతి వరుస ఎవరికీ కనబడదు. మీరు తీసుకోవలసింది ఆ విప్పే పద్ధతిని. ఆ ఎర్రని నేపథ్యాన్ని, ఆ పెద్ద కళ్ల ముఖాలను అలంకారం కోసం అతికించకండి, అవి వేరే కథల కోసం పుట్టినవి.

ప్రశ్న: మా దగ్గర వానాకాలమంటే విత్తనాలు, ఎరువులు, అప్పులు. పత్తి రైతు జూన్ నెలలో దిగులు పడితే దాన్ని కూడా రోగమని బొమ్మలు వేస్తారా? అది అన్యాయం కాదా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, జమ్మికుంట

జవాబు: మాస్టారూ, మీ అభ్యంతరం న్యాయమైనది, వైద్యశాస్త్రం కూడా మీ వైపే ఉన్నది. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వెలువరించే రోగనిర్ధారణ గ్రంథం, ప్రతి చలికాలంలో పని దొరకక కుంగిపోయే మనిషిని ఉదాహరణగా చూపి, ఏటా ఒకే కాలంలో వచ్చిపడే బతుకు కష్టం స్పష్టంగా కారణమైనప్పుడు దాన్ని ఈ లెక్కలోకి తీసుకోవద్దని చెబుతుంది. మన పత్తి రైతు జూన్ దిగులు అచ్చంగా అటువంటిదే. ఆయనను గీసేవారు విత్తన ప్యాకెట్టును, వడ్డీ రాసుకున్న కాగితాన్ని, మొలక రాక రెండోసారి విత్తవలసిన చేనును బొమ్మలో చూపి తీరాలి. అవి లేకుండా మబ్బునూ మనిషినీ మాత్రమే గీస్తే, ధరకూ అప్పుకూ సంబంధించిన విషయాన్ని వాతావరణం మీదికి తోసేసినట్టవుతుంది. అయితే కారణం అప్పే అయినా, నిద్రా తిండీ పోయి రెండు వారాలు దాటినా మనిషి తేరుకోకపోతే ఆయనకూ వైద్యం కావాలి. బొమ్మ ఆ మాటను దాచకూడదు. హనుమకొండ నుంచి రాసిన అమ్మాయికి కూడా ఇందులో పనికొచ్చే సంగతి ఉన్నది: అక్కకు ఆ నెలల్లో వేరే కష్టమేదీ రాలేదని, ఉద్యోగమూ ఇల్లూ ఎప్పటిలాగే ఉన్నాయని మొదటి పేజీల్లోనే తెలియజేయాలి.

ప్రశ్న: వానల్లో నాకేమీ ఉండదు. రెండు మూడేళ్లుగా ఎండలు ముదిరితేనే నిద్ర పట్టదు, అన్నం సహించదు, అందరి మీదా చిరాకు, ఆ తర్వాత ఏడుపు. ఇదీ అదేనా? ఫోనులో బొమ్మలు వేస్తుంటాను. దీన్ని ఎలా గీయాలి?
— ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: అదేనా కాదా అన్నది మిమ్మల్ని చూసిన వైద్యులే చెప్పగలరు, దయచేసి ఈ వేసవి దాకా ఆగకుండా కలవండి. వేసవిలో వచ్చే రకం ఉన్నదని మాత్రం 1987లోనే థామస్ వేర్, రోసెంతాల్ తదితరులు రాశారు. చలికాలపు రకంలో అతినిద్ర, తీపి మీదా పిండిపదార్థాల మీదా యావ, బరువు పెరగడం సాధారణంగా కనిపిస్తే, వేసవి రకంలో మీరు రాసినట్టు నిద్ర, ఆకలి తగ్గి ఆందోళన పెరుగుతుంది.

బొమ్మలో నలుపును పక్కన పెట్టండి. మే నెల మధ్యలో మంచిర్యాలలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి మీదికి వస్తాడు, అప్పుడు మనిషి నీడ కాళ్ల కిందికి ముడుచుకుపోతుంది. నీడ లేని మనిషిని, అంచులు వెలిసిపోయిన వీధిని, పాలిపోయిన పసుపును గీయండి. గీత నిలకడగా ఉండకూడదు, గడులు ఇరుకుగా, ఎక్కువగా ఉండాలి. రాత్రి గడుల్లో కూలరు మోతను పేజీ అంతా పాకే అక్షరాలుగా వేసి, డాబా మీద కళ్లు తెరుచుకుని పడుకున్న మనిషిని ఆ అక్షరాల మధ్య ఇరికించండి. ఫోను తెరపై ప్రకాశాన్ని పెంచి చూసినప్పుడు కూడా కళ్లు చికిలించేంత తెలుపు ఉంటే అది సరిపోయినట్టే.

ప్రశ్న: నా కామిక్ చివరి పేజీలో సూర్యోదయం పెట్టాను. అంతకు ముందు పేజీలో పాత్ర ప్రాణం తీసుకోవాలనుకునే ఘట్టం ఉన్నది. రెండూ ఉంచవచ్చా?
— ఒక పాఠకురాలు, పెద్దపల్లి

జవాబు: ఆలోచన వచ్చిందని చూపండి, కానీ ఎలాగన్నది గీయవద్దు. సాధనాన్నీ చోటునూ చూపితే అదే స్థితిలో ఉన్న పాఠకుడికి అది దారి చూపినట్టవుతుంది. ఆ గడిలో ఆమె ఎవరికి ఫోను చేసిందో గీయండి.

సూర్యోదయం విషయానికి వస్తే, ఒక్క ఉదయంతో ఈ రోగం పోదు. వైద్యుల సలహా మీద చేసే వెలుతురు చికిత్స కూడా 10,000 లక్సుల దీపం ముందు పొద్దున్నే అరగంట చొప్పున వారాల తరబడి సాగుతుంది, చాలామందికి దానితో పాటు మందులో మాటల చికిత్సో అవసరమవుతుంది. కనుక ఒకే పెద్ద సూర్యుడికి బదులు, అలారం, కుర్చీ, మందుబిళ్ల, ఓపీ చీటీ ఉన్న చిన్న గడులను పేజీ నిండా వరుసగా వేయండి. ఓపీ చీటీ మీద వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక వైద్య విభాగం వంటి నిజమైన చోటును రాస్తే, చదివేవారికి ఎక్కడికి వెళ్లాలో తెలుస్తుంది. పేజీ అడుగున 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ నంబరు 14416ను వేయండి. ఇరవై నాలుగు గంటలూ పనిచేసే ఆ నంబరులో తెలుగులో మాట్లాడవచ్చు. దాన్ని సంతకం పక్కన మూలకు నెట్టకుండా, బెలూన్లలోని అక్షరాలంత సైజులో వేయండి.