బ్రిక్స్ చూసిన అమ్మాయి, బస్సెక్కని అబ్బాయిలు

ఈ నెల ఉత్తరాల కట్ట విప్పితే సగం పైగా ఇంగ్లీషు మీద ఏడుపే. ఈ శీర్షికకు కొత్తగా వచ్చినవాళ్ళ కోసం నా గురించి రెండు ముక్కలు. తిరుపతి బాలాజీ కాలనీలో నాకు చిన్న ఆఫీసుంది, ఫ్యాక్టరీలకు మనుషుల్ని చూసిపెడతాను. అంతకు ముందు చిత్తూరు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి కాటాలు అమ్మాను. అటు అమ్మకం, ఇటు ఉద్యోగాలు, రెండు వైపులా తిట్లు తిన్న అనుభవంతోనే ఈ జవాబులు.

ప్రశ్న: మేడం, మాది పాకాల దగ్గర పల్లె. పోయినేడు బీఎస్సీ కెమిస్ట్రీ అయిపోయింది. మూడు ఇంటర్వ్యూలకు వెళ్ళాను. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే నోరు పెగలదు, బట్టీ పట్టింది కూడా మర్చిపోతాను. స్పోకెన్ ఇంగ్లీషులో చేరమంటారా? నాకు అనుభవం ఏమీ లేదు. ఇంట్లో ఊరికే ఉండలేక జూన్, జూలైలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని చేశాను, అంతే.

జవాబు: ఆ ‘అంతే’ దగ్గర నేను ఆగిపోయానమ్మా. అందుకే నీకు ఎదురు ఉత్తరం రాసి రెండు సంగతులు అడిగాను. బట్టీ పట్టింది ఏమిటి, ఫ్యాక్టరీలో చేసింది ఏమిటి?

మొదటిదానికి నువ్వు రాసింది చదవక్కర్లేకుండానే నాకు వచ్చు. “మైసెల్ఫ్ ఫలానా. ఐ యామ్ హార్డ్ వర్కింగ్ అండ్ సిన్సియర్. మై స్ట్రెంగ్త్ ఈజ్ పాజిటివ్ థింకింగ్. మై వీక్‌నెస్ ఈజ్ ఐ ట్రస్ట్ ఎవ్రీబడీ.” దీన్ని ఎక్కడో అచ్చేసి పంచుతున్నట్టున్నారు. ఇంటర్వ్యూలున్న రోజు పొద్దున పదకొండు అయ్యేసరికి అందరినీ గుడ్డిగా నమ్మేసేవాళ్ళు ఎనిమిది మంది నా ఎదుట కూర్చుని లేచిపోయి ఉంటారు. తొమ్మిదో మనిషి మొహం సాయంత్రానికి నాకు గుర్తుండదు. అది నా తప్పు కాదు.

రెండోదానికి పెన్సిలుతో ఒకటిన్నర పేజీ రాశావు. దాన్ని రెండుసార్లు చదివాను. తోతాపురి గుజ్జు అరగంటకోసారి తీసి రిఫ్రాక్టోమీటర్‌లో బ్రిక్స్, అంటే గుజ్జులో తీపి ఎంత శాతముందో చూశావు. చూసే ముందు డిస్టిల్డ్ వాటర్ చుక్క వేసి సున్నా వస్తోందో లేదో సరిచూసుకున్నావు. 14కు తగ్గితే సూపర్‌వైజర్‌కు చెప్పాలి. ఒక రాత్రి షిఫ్టులో 12.8 వచ్చింది. మీటరే తప్పేమోనని మళ్ళీ సున్నా చూసి, ఇంకో శాంపిల్ తీశావు, మళ్ళీ అంతే. వెళ్ళి చెబితే లైను ఆపారు. పైపులు కడిగిన నీళ్ళు గుజ్జులో కలిశాయని అప్పుడు తేలింది. డ్రమ్ముల్లోకి వెళ్ళకుండా ఆ సరుకు పక్కన పెట్టారు.

ఇది అనుభవం కాకపోతే ఇంకేది? సీజన్ పని కదా, ఉద్యోగం కాదు కదా అనుకుని రెజ్యూమెలో ఒక్క ముక్క కూడా పెట్టలేదు నువ్వు. దానికి బదులు హాబీల కింద ‘పాటలు వినడం’ పెట్టావు.

క్వాలిటీ ట్రైనీని తీసుకునేవాడికి ఉండే భయం ఒక్కటే. లెక్క తేడా వచ్చినప్పుడు ఈ పిల్ల నోరు విప్పి చెబుతుందా, పై అధికారికి భయపడి 14 అని రాసేసి కూర్చుంటుందా? నీ దగ్గర దానికి జవాబుంది. పెద్ద కంపెనీల వాళ్ళు ఇలా చెప్పడానికి ‘స్టార్’ అని పేరు పెట్టుకున్నారు. సిచ్యుయేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్. పేరు గుర్తుపెట్టుకోకపోయినా పరవాలేదు. ఎక్కడ, నా పని ఏమిటి, నేనేం చేశాను, ఏమైంది. మీ అమ్మకు చెప్పినట్టే ఆ వరసలో చెప్పు.

ముందు తెలుగులో రాసుకో. తర్వాత చిన్న చిన్న ఇంగ్లీషు ముక్కలు చేసుకో. “ఐ చెక్డ్ బ్రిక్స్ ఎవ్రీ హాఫ్ అవర్. వన్ నైట్ ఇట్ వాజ్ ట్వెల్వ్ పాయింట్ ఎయిట్. ఐ చెక్డ్ అగైన్. ఐ టోల్డ్ మై సూపర్‌వైజర్. దే స్టాప్డ్ ది లైన్.” ఇందులో నీకు రాని మాట ఒక్కటుందా? బట్టీ పట్టింది మర్చిపోతాం గానీ, ఆ రాత్రి చేసిన పని ఎట్లా మర్చిపోతావు? మధ్యలో మాట తడబడితే “సార్, తెలుగులో చెప్పొచ్చా?” అని అడుగు. మన వైపు ఫ్యాక్టరీల్లో చాలామంది సరే అంటారు. కొందరు అనరు, అది వాళ్ళిష్టం.

స్పోకెన్ క్లాసులో చేరతానంటే చేరు, వద్దనను. కానీ ఇంటర్వ్యూ చేసేవాడు బ్రిక్స్ గురించి ఎదురు ప్రశ్న వేస్తే తెలిసింది చెప్పు, తెలియంది తెలియదను. ఆ 12.8ని మాత్రం బాగుంటుందని 11 చేసి చెప్పకు. రెండో రౌండులో ఇంకో నంబరు చెబుతావు, దొరికిపోతావు.

ప్రశ్న: తిరుపతిలో ఒక కన్సల్టెన్సీలో రిక్రూటర్‌ని మేడం, చేరి ఏడాదైంది. శ్రీసిటీ, రేణిగుంట వైపు ఫ్యాక్టరీలకు ఐటీఐ, డిప్లొమా వాళ్ళను పంపాలి. ఇరవై మంది ‘కచ్చితంగా వస్తాం సార్’ అంటారు. చేరే రోజు ఆరుగురు కూడా కనపడరు, ఫోన్లు స్విచాఫ్. ఏం మాట్లాడితే వస్తారు?

జవాబు: తమ్ముడూ, మన వైపు మనిషి మొహం మీద ‘రాను’ అనడు. అనడం మర్యాద కాదని పెంచారు. ‘వస్తాం సార్’ అంటే ‘ఇంక ఫోను పెట్టెయ్ సార్’ అని కూడా అర్థముంది. కాబట్టి ‘వస్తావా?’ అని అడగడం మానెయ్. ‘ఎన్ని గంటల బస్సుకు బయల్దేరతావు? శ్రీకాళహస్తిలో మారతావా? రాత్రికి ఎక్కడ పడుకుంటావు?’ అని అడుగు. వచ్చేవాడికి వీటి మీద ఆలోచన ఉంటుంది. రానివాడు నీళ్ళు నములుతాడు. అప్పుడు తిట్టకుండా ‘ఇంట్లో వద్దంటున్నారా?’ అని మెల్లగా అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. పది మందిలో సగం మందికి నైట్ షిఫ్టే అడ్డం.

ఇక నీ వైపు సంగతి. జీతం ఎంతని చెబుతున్నావు? ‘ఇరవై వేలు’ అంటున్నావని నా అనుమానం. అది సీటీసీ, అంటే ఒక మనిషి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. కాగితం మీద లెక్క వేసి చూడు. బేసిక్ పదిహేను వేలనుకుందాం. దాని మీద కంపెనీ కట్టే 12 శాతం పీఎఫ్, అంటే 1,800 రూపాయలు ఆ ఇరవైలోనే ఉంది. వైద్య బీమా కోసం కంపెనీ కట్టే 3.25 శాతం ఈఎస్ఐ కూడా అందులోనే. ఈ రెండూ తీసేస్తే జీతం 17,600 చిల్లర. అందులోంచి పిల్లోడి వాటా పీఎఫ్ ఇంకో 1,800 పోతుంది, ఈఎస్ఐ 0.75 శాతం పోతుంది, వృత్తి పన్ను 150 పోతుంది. చేతికి వచ్చేది పదిహేనున్నర వేలు. క్యాంటీన్‌కూ బస్సుకూ పట్టుకుంటే ఇంకా కింద. ఇదంతా వాడికి మొదటి నెల జీతం పడ్డ రోజు తెలుస్తుంది. రెండో నెల వాడుండడు. వాడి ఊర్నుంచి ఇంకెవడూ నీ ఫోను ఎత్తడు.

నేనూ ఇలాగే చేసి చెంపలేసుకున్నాను. ఒకసారి పద్దెనిమిది మంది పిల్లల్ని ఒక ఫ్యాక్టరీకి పంపాను. ‘రూము ఫ్రీ’ అని కంపెనీ మనిషి అన్నాడు, నేనూ అదే మాట పిల్లలకు చెప్పాను. ఎన్ని నెలలు ఫ్రీ అని అడగలేదు. ఫ్రీ ఒక్క నెలే. రెండో నెల మొదట్లో, రాత్రి పదకొండు దాటాక ఫోను. అటు నుంచి గొడవ లేదు, కేకలు లేవు. “అక్కా, మీరు చెప్పారనే వచ్చాం” అన్నాడు ఒక పిల్లోడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. మూణ్ణాళ్ళలో పద్దెనిమిది మందిలో పదమూడు మంది ఇంటికి వెళ్ళిపోయారు.

అప్పట్నుంచి ముందు చేదు చెబుతాను. ఎనిమిది గంటలు నిలబడి చేసే పని, వారం వారం షిఫ్టు మారుతుంది, చేతికి ఇంత వస్తుంది, రూము సంగతి ఇది. ఇరవై మందిలో పన్నెండు మంది ఫోనులోనే ‘వద్దక్కా’ అంటారు. అననీ. మిగిలిన ఎనిమిది మంది బస్సెక్కుతారు. కంపెనీకి కూడా ‘ఇరవై మంది వస్తారు’ అని గొప్పలు పోకుండా ఎనిమిది అనే చెప్పు.

ప్రశ్న: చిత్తూరులో సోలార్ వాటర్ హీటర్లు అమ్ముతాను మేడం. రోజుకు అరవై కాల్స్ చేయాలి. అందరూ ‘తర్వాత చెయ్యండి’ అని పెట్టేస్తారు. కంపెనీ వాళ్ళు ఇచ్చిన డైలాగులన్నీ అయిపోయాయి. టార్గెట్ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: ముందు ఒక హెచ్చరిక. సొంత నంబరు నుంచి ముక్కూమొహం తెలియని వాళ్ళకు అమ్మకం కాల్స్ చేయడం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలకు విరుద్ధం. అలాంటి కాల్స్‌కు 140తో మొదలయ్యే నంబర్లున్నాయి. అవతలివాళ్ళు 1909కి ఫిర్యాదు చేస్తే ముందు పోయేది నీ నంబరే. మేనేజరుతో ఈ మాట తేల్చుకో నాయనా.

ఇప్పుడు డైలాగుల సంగతి. 2004లో నేను చిత్తూరు బెల్లం మండీకి ఎలక్ట్రానిక్ కాటా అమ్మడానికి వెళ్ళాను. పెద్దాయన గోనె సంచి మీద కూర్చున్నాడు, చుట్టూ ఈగలు, మధ్యాహ్నం రెండు. మండీలో ఆడపిల్ల కాటాలమ్మడం వింత కాబట్టి పది మంది చుట్టూ చేరారు. నేను గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టాను. డిజిటల్ డిస్‌ప్లే, స్టీలు ప్లాట్‌ఫారం, ఇరవై గ్రాముల తేడా కూడా చూపిస్తుంది. పెద్దాయన మధ్యలో “ముద్ర ఎవరు వేయిస్తారమ్మా?” అన్నాడు. నాకు వినపడింది. కానీ నా పాఠంలో ఆ ముక్క నాలుగో పేజీలో ఉంది, నేనింకా రెండులో ఉన్నాను. “చెబుతాను సార్” అని మళ్ళీ ఇరవై గ్రాముల దగ్గరికే పోయాను. ఆయన నవ్వి, “బెల్లానికి గ్రాములెందుకమ్మా, చేతికంటుకునేదే అంతకంటే ఎక్కువ” అన్నాడు. అందరూ నవ్వారు. నేను కాటా ఎత్తుకుని ఆటో ఎక్కాను.

ఆయనకు కావలసింది తూకం కాదు. ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి, లేకపోతే కేసు. ఆ తిరుగుడు ఎవరు తిరుగుతారన్నదే ఆయన దిగులు. వారం తర్వాత మళ్ళీ వెళ్ళి, సంచి మీద కూర్చోమంటే కూర్చుని, “ముద్ర మేమే వేయించి ఇస్తాం, గడువుకు నెల ముందు నేనే వచ్చి గుర్తుచేస్తాను. కరెంటు పోతే బ్యాటరీ మీద నడుస్తుంది” అన్నాను. రెండే రెండు మాటలు. ఆ రోజు కాటా అక్కడే ఉండిపోయింది. పక్క మండీకి నన్ను ఆయనే తీసుకెళ్ళాడు.

మరి నీ హీటరు సంగతి. ‘కస్టమర్‌కు ప్రత్యేక ఆఫర్’ లాంటి కబుర్లు తీసేసి, “మీ ఇంట్లో బోరు నీళ్ళా, మునిసిపాలిటీ నీళ్ళా?” అని అడిగి చూడు. ఉప్పు నీళ్ళయితే గొట్టాల్లో తెల్లటి పొర కట్టి రెండేళ్ళకే నీళ్ళు కాగవని జనానికి తెలుసు, పక్కింట్లో చూసి ఉంటారు. వాళ్ళ భయం అదే. రాగి గొట్టాల రకానికీ గాజు గొట్టాల రకానికీ తేడా ఏమిటి, ఆ నీళ్ళకు ఏది ఆగుతుంది, క్లీనింగుకు ఎవరొస్తారు, ఎంత తీసుకుంటారు. ఇది చెప్పగలిగితే ‘తర్వాత చెయ్యండి’ అన్నవాడే ‘ఒక్క నిమిషం ఉండండి’ అంటాడు. చెప్పలేకపోతే ఫోను పక్కనపెట్టి, ఒక రోజంతా మీ మెకానిక్ వెంట మేడలెక్కు. అరవై కాల్స్ కన్నా అది మేలు.

ప్రశ్న: ఇంటర్వ్యూ ఏమీ లేకుండానే ఆన్‌లైన్‌లో విమానాశ్రయం ఉద్యోగం ఆఫర్ లెటర్ వచ్చింది. యూనిఫాంకు 2,500 కట్టమంటున్నారు. కట్టమంటారా?

జవాబు: వద్దు. ఇంటర్వ్యూ లేకుండా లెటరు, చేరకుండానే డబ్బు, రెండూ మోసమే. ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చెయ్యి.

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐ ఫిట్టర్ చేశాడు, మాటకారి కాదు. వాడి తరఫున నేనే ఫ్యాక్టరీ హెచ్ఆర్‌తో నాలుగుసార్లు మాట్లాడాను. ఐదోసారి వాళ్ళు ఎత్తడం లేదు. మావాడు బంగారం మేడం, కావాలంటే కాణిపాకంలో ప్రమాణం చేసి చెబుతాను.

జవాబు: అన్నా, మీ మాట నమ్ముతాను, వినాయకుడి దాకా పోనక్కర్లేదు. కానీ తండ్రి నాలుగుసార్లు ఫోను చేసేసరికి, రేపు మిషను ఆగితే కూడా ఈయనే ఫోను చేస్తాడేమోనని అవతలివాళ్ళు భయపడి ఉంటారు. ఆ కుర్చీలో నేనున్నప్పుడు నేనూ ఎత్తేదాన్ని కాదు. మాటకారి కాకపోతే నష్టం లేదు. ఫిట్టర్ పనికి మాటకారితనం ఎవరూ అడగరు. పేరు, ట్రేడు, ఇంటర్వ్యూకు వచ్చిన తేదీ, ‘ఫలితం తెలిసిందా సార్?’ ఈ నాలుగూ చీటీ మీద రాసిచ్చి, ఒక్కసారి వాడి చేతే చేయించండి. పొద్దున పదకొండు దాటాక, భోజనాల వేళ లోపు. షిఫ్టు మారే టైంలో వద్దు. వాడు మాట్లాడేటప్పుడు మీరు ఆ గదిలో ఉండకండి.