మాతృభాష కాని జపనీస్‌లో కన్వర్సేషన్ అనాలిసిస్ చేయొచ్చా?

మూడేళ్లుగా జపనీస్ నేర్చుకుంటున్నానని, ఎం.ఏ. ప్రాజెక్టుకు జపనీయుల ఫోన్ సంభాషణలు తీసుకోవాలని ఉన్నా మన భాష కాదు కాబట్టి తప్పుగా అర్థం చేసుకుంటానేమోనని టెన్షన్‌గా ఉందని రాశారు. కన్వర్సేషన్ అనాలిసిస్, అంటే రికార్డు చేసిన మామూలు సంభాషణలను మాట మాటా పరిశీలించడం, నిస్సందేహంగా చేయొచ్చు. నేనూ చేశాను. అందులో నేను చేసిన ఒక తప్పు మీకు పనికొస్తుంది.

నా మొదటి రికార్డింగులో ఒకావిడ స్నేహితురాలిని ఆదివారం రమ్మంటోంది. అవతలి ఆమె మధ్యమధ్యలో 'ఉన్, ఉన్' అంటోంది. నిఘంటువు చూసి ప్రతిచోటా 'ఒప్పుకుంది' అని రాసుకున్నాను. చివరికి ఆమె 'ఆదివారం చొత్తో...' అని ఆగిపోయింది. చొత్తో అంటే 'కొంచెం'; ఇలా అని ఆగిపోతే 'కుదరదు' అని మర్యాదగా చెప్పినట్టు. ఒప్పుకున్న మనిషి ఎందుకు వెనక్కి తగ్గిందో నాకు రెండు వారాలు అంతుపట్టలేదు.

జవాబు రికార్డింగులోనే ఉంది. ఒక మాటకు అర్థం ఏమిటో మనం తీర్పు చెప్పకుండా, ఎదుటివాళ్లు దాన్ని ఎలా తీసుకున్నారో వెంటనే వచ్చే మాటలో చూడాలి. ఈ పద్ధతికి ప్రాణం అదే. పిలిచినావిడ ఏ 'ఉన్' తర్వాతా 'అయితే ఎన్నింటికి వస్తావు?' అనలేదు, తన మాట సాగిస్తూ పోయింది. 'చొత్తో' వినగానే మాత్రం, వాక్యం పూర్తికాకపోయినా, 'అలాగా, అయితే ఇంకోసారి' అంది. అంటే ఆ 'ఉన్' మన పిల్లలు కథ వింటూ ఊ కొట్టడం లాంటిది. జపనీస్‌లో దీన్ని ఐజుచి అంటారు. కొలిమి దగ్గర ఇద్దరు కమ్మరులు మార్చి మార్చి వేసే సుత్తి దెబ్బల నుంచి వచ్చిన మాట. మనం ఊ కొట్టినట్టే జపనీయులు కూడా ఐజుచి 'కొట్టడం' అనే అంటారు! అది తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

మౌనాన్ని కూడా తెలుగు చెవితో కొలవకండి. జవాబుకు ముందు ఎంత ఆగుతారన్నది భాషను బట్టి మారుతుంది. పది భాషలను పోల్చిన 2009 నాటి అధ్యయనంలో, అవును-కాదు ప్రశ్నలకు జవాబు మొదలవడానికి జపనీస్‌లో సగటున 7 మిల్లీసెకన్లు పడితే, డేనిష్‌లో 469 పట్టింది.

టాక్‌బ్యాంక్ అనే ఆన్‌లైన్ సంభాషణల భాండాగారంలో, కాల్‌ఫ్రెండ్ అనే సేకరణలో జపనీస్ ఫోన్ సంభాషణలు ఉన్నాయి. రికార్డింగు వింటూ మాటలు రాసుకోవడానికి పనికొచ్చే ఎలాన్ సాఫ్ట్‌వేర్ ఉచితం. రాత ప్రతి మాత్రం మీరే, విరామాలు, ఒకరి మాటపై ఒకరు మాట్లాడటం వంటివి చూపే గెయిల్ జెఫర్సన్ గుర్తులతో, తయారు చేసుకోండి. పైన జపనీస్, కింద పదానికి పదం, ఆ కింద తెలుగు. తర్వాత జపనీయులెవరికైనా వినిపించండి. 'ఆమె ఉద్దేశం ఏమిటి?' అని కాకుండా 'ఇక్కడ మీకేం వినిపిస్తోంది?' అని అడగండి. ఉద్దేశాలు అడిగితే ఊహలు చెబుతారు, నాకు అదే జరిగింది.

ముందు ఒక్క నిమిషం రికార్డింగుతో మొదలుపెట్టండి. నాకు ఆ నిమిషానికే ఒక రోజంతా పట్టింది.