ముందు నీళ్ళు, తర్వాతే బండి

ఒరే నాన్నా, ఉపాధి పనికి నిన్ను కూలీలని చూసుకునే మేట్‌గా పెట్టారంట, మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అసలే మన రెంటచింతల ఎండలు, మేలో 45 దాటిందన్నా ఎవడూ వింతగా చూడడు, అందులో చెరువు పూడిక పని. నర్సుగా చేసినన్నాళ్ళూ చూశా, వడదెబ్బ తగిలినోళ్ళని ఆటోలో పడేసి అంత దూరం నుంచి పొడి బట్టలతోనే తెచ్చేవాళ్ళు, ఆ దారిలోనే సగం ప్రాణం పోయేది.

పనిలో ఎవరన్నా తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా, ఒళ్ళు కాలిపోతుంటే వడదెబ్బే అనుకో. చెమట పడతంది కదా కాదులే అంటారు, నమ్మకు, పని చేస్తా పడిపోయినోళ్ళకి చెమట ఉండొచ్చు. ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటినా చంకలో థర్మామీటర్ తక్కువే చూపిద్ది.

ఒకళ్ళని 108కి ఫోన్ చెయ్యమని నువ్వు అక్కడే చల్లబరచటం మొదలుపెట్టు. నీడలో బరకం (టార్పాలిన్ పట్టా) పరిచి పైబట్టలు తీసి పడుకోబెట్టండి, నలుగురు నాలుగు మూలలూ ఎత్తి పట్టుకుంటే తొట్టిలాగా అవుద్ది, క్యాన్లలో నీళ్ళన్నీ గుమ్మరించి ఐసు దొరికితే అదీ వేసి, చేత్తో కదుపుతానే ఉండండి, కదపకపోతే ఒంటికి ఆనుకున్న నీళ్ళు వేడెక్కుతాయి. తల నీళ్ళలో మునక్కుండా ఒకళ్ళు పట్టుకోవాల్సిందే. బరకం లేదా, ఒళ్ళంతా నీళ్ళు పోస్తా తువ్వాళ్ళతో విసరండి. మెడకీ చంకల్లో గజ్జల్లో ఐసు పెట్టటం మంచిదేగానీ అదొక్కటే చాలదు, తడిగుడ్డ కప్పి వదిలేయటం అంతకన్నా దండగ.

చన్నీళ్ళు పోస్తే జన్ని కమ్ముద్దని ఎవరో ఒక ముసల్ది అరుస్తది (నా వయసుదే అయ్యుంటదిలే), అరవనీ. తెలివి సరిగా లేనోళ్ళ నోట్లో నీళ్ళు, మజ్జిగ పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కక్కుకుంటే పక్కకి తిప్పు. పారాసెటమాల్ అస్సలొద్దు, ఇది జ్వరం కాదు, ఆ బిళ్ళ పనిచెయ్యదు, పైగా లివర్‌కి అసలే దెబ్బ తగిలుంటది.

అరగంటలోపు వేడి 39 కిందకి దిగితే బతికే అవకాశం చాలా ఎక్కువ. 108 వచ్చేదాకా ఆపొద్దు, బాగా తెలివొచ్చి చలికి వణుకుతుంటే అప్పుడు ఆపు. లేచి కూర్చుని ఇంటికి పోతానన్నా వినకు, కిడ్నీలు, లివర్ దెబ్బతిన్న సంగతి మర్నాడో ఆ తర్వాతో బయటపడొచ్చు, హాస్పిటల్‌కి పంపాల్సిందే.

కొత్తగా చేరినోళ్ళకి మొదటి వారం బరువు పని చెప్పొద్దు, ఒళ్ళు ఎండకి అలవాటు పడాలి. నీళ్ళ ట్యాంకర్ రాని రోజున మాత్రం ఎవరేమన్నా సరే పది దాటాక పలుగు ముట్టనివ్వకు. మీ నాన్న ఇటొస్తే ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పాత బరకం ఒకటి ఇచ్చి పంపిస్తా.

మీ పెద్దమ్మ