గర్భసంచి తీయించుకునే ముందు: 46 ఏళ్ళ చెల్లెలికి నా అనుభవం

మీకు 46 ఏళ్ళు. ఏడాదిగా నెలసరి ఒకసారి ఇరవై రోజులకే, ఇంకోసారి మూడు నెలలకు వస్తోందని, వస్తే పది రోజులైనా ఆగడం లేదని రాశారు. ఉన్నట్టుండి ఒళ్ళంతా వేడెక్కి చెమటలు పడుతున్నాయి, రాత్రిళ్ళు నిద్ర లేదు, పిల్లల మీద అరిచేసి తర్వాత బాత్‌రూమ్‌లోకి వెళ్ళి ఏడుస్తున్నారు. స్కానింగ్‌లో చిన్న గడ్డ కనబడితే డాక్టరు "ఇక పిల్లలు అక్కర్లేదు కదా, గర్భసంచి తీసేద్దాం" అన్నారు. ఇది మెనోపాజేనా, ఆపరేషన్ తప్పదా అని అడిగారు.

నాకిప్పుడు 54. ఖమ్మం జిల్లాలో సర్కారు బడిలో లెక్కలు చెబుతాను. 45లో మొదలైన ఈ ఇబ్బంది నుంచి 50 దాటాక గానీ తేరుకోలేదు. నేను డాక్టర్ని కాను, మీ రిపోర్టు చూసి ఇదీ అదీ అని చెప్పలేను. కానీ ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టే ముందు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. అవి నాకు ఆలస్యంగా తెలిశాయి. మా అమ్మకైతే అసలు తెలియలేదు.

నాకు మొదటిసారి ఆవిర్లు వచ్చింది తొమ్మిదో తరగతి గదిలో. అది ఫిబ్రవరి నెల, ఎండలు ఇంకా ముదరలేదు. బోర్డు మీద లెక్క సగంలో ఉండగా రొమ్ముల దగ్గర మొదలై మెడ, చెవులు, నెత్తి దాకా ఎవరో పొయ్యి మూత తీసినట్టు సెగ పాకింది. చేతిలో సుద్దముక్క తడిసిపోయింది, జాకెట్టు వీపుకి అంటుకుపోయింది. రెండు మూడు నిమిషాల్లో అది తగ్గి చలి పుట్టింది. బోర్డు వైపు తిరిగితే నేను రాసిన లెక్కలో తర్వాతి మెట్టు ఏమిటో గుర్తు రాలేదు. ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి ఏమీ అనకుండా లేచి తన నీళ్ళ సీసా మూత తీసి నా చేతిలో పెట్టింది. ఇరవై ఏళ్ళుగా చెబుతున్న పాఠం మరిచిపోయానన్న భయంతో ఆ రోజు ఇంటికెళ్ళాక అన్నం కూడా తినలేదు.

ఇంట్లో అందరూ "వేడి చేసింది" అన్నారు. సబ్జా గింజలు, బార్లీ నీళ్ళు, మజ్జిగ, అన్నీ తాగాను. అవేమీ చెడ్డవి కావు గానీ, రాత్రి రెండింటికి గుండె దడదడలాడుతూ మెలకువ రావడం మాత్రం ఆగలేదు. గుండె డాక్టరు దగ్గరికి వెళితే ఈసీజీ, ఎకో తీసి అంతా నార్మల్, టెన్షన్ తగ్గించుకోండి అన్నారు. మూత్రంలో మంట అని ఇంకొకరి దగ్గరికి వెళితే కల్చర్ పరీక్ష లేకుండానే మూడుసార్లు యాంటీబయాటిక్స్ రాశారు. భుజం పైకి లేవడం లేదని ఎముకల డాక్టరు దగ్గరికీ వెళ్ళాను. ముగ్గురు డాక్టర్లు మూడు అవయవాలు చూశారు. నెలసరి ఎలా వస్తోందమ్మా అని వాళ్ళలో ఒక్కరూ అడగలేదు. నాకూ చెప్పాలని తోచలేదు. గుండె దడకీ నెలసరికీ సంబంధం ఉంటుందని ఎలా అనుకుంటాం?

మా వంటింటి గోడ మీద క్యాలెండర్ ఉంటుంది, అందరిళ్ళలో ఉండేదే. పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, నెలసరి వచ్చిన రోజుకి ఎర్ర చుక్క, అన్నీ దాని మీదే. ఆ చుక్కలు గజిబిజి అవుతున్నాయని ఒక రోజు నేనే గమనించి, వాటి పక్కన ఇంకొన్ని గుర్తులు పెట్టడం మొదలుపెట్టాను. ఆవిర్లు వస్తే 'ఆ', నిద్ర లేకపోతే 'ని', దడ వస్తే 'ద', ఏడుపొస్తే 'ఏ'. మూడు నెలల పేజీలు చింపి బ్యాగులో పెట్టుకుని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో గైనిక్ ఓపీకి వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ ఆ పేజీలు టేబుల్ మీద పరిచి, వేలు పెట్టి ఒక్కో గడీ చూసుకుంటూ వెళ్ళారు. మా అమ్మకి ఎప్పుడు ఆగిందని అడిగారు. రాత్రి ఎన్నిసార్లు లేస్తానని అడిగారు. ఏడాదిన్నరలో మొదటిసారి ఎవరో నన్ను మొత్తంగా చూసినట్టనిపించి అక్కడే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో చెబుతాను. పన్నెండు నెలలు వరసగా నెలసరి రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. మన దేశంలో అది సగటున 46, 47 ఏళ్ళకే వస్తుంది, పాశ్చాత్య దేశాల్లో 51 దగ్గర. కానీ అసలు ఇబ్బందంతా అంతకు ముందు నాలుగైదేళ్ళలో ఉంటుంది. ఈస్ట్రోజన్ అనే హార్మోన్ మెట్లు దిగినట్టు నెమ్మదిగా తగ్గదు. ఒక నెల బాగా పెరుగుతుంది, ఇంకో నెల పడిపోతుంది. ఒంటి వేడిని సరిచూసే భాగం మెదడులో ఉంటుంది. ఈ ఒడుదుడుకులకి అది అతిసున్నితంగా తయారై, కొంచెం వేడి తగిలినా చెమటలు పట్టించి చల్లబరచాలని చూస్తుంది. అవే ఆవిర్లు. కొన్ని నెలలు అండం విడుదల కాదు. అప్పుడు ప్రొజెస్టరాన్ అనే ఇంకో హార్మోన్ తయారవదు, గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగిపోతుంది, ఆలస్యంగా వచ్చిన నెలసరి ఆగకుండా పోతుంది. మీకు మూడు నెలలకు వచ్చి పది రోజులు ఉండటానికి ఇదే కారణం కావచ్చు. థైరాయిడ్ వల్ల కూడా చాలా వరకు ఇలాగే ఉంటుంది, అందుకే టీఎస్‌హెచ్ పరీక్ష తప్పకుండా చేయించుకోండి, దాంతో పాటు హిమోగ్లోబిన్ కూడా. 45 దాటిన వాళ్ళలో ఇది మెనోపాజ్ దశే అని చెప్పడానికి మామూలుగా హార్మోన్ పరీక్షలు కూడా అక్కర్లేదు, లక్షణాలే చెబుతాయి.

ఆ రోజు ఇంటికొచ్చి అమ్మని అడిగాను, నీకెప్పుడు ఆగిందే అని. అమ్మ కాసేపు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది. తర్వాత చెప్పింది. 35 ఏళ్ళప్పుడు తెల్లబట్ట అవుతోందని ఒక నర్సింగ్ హోమ్‌కి తీసుకెళితే, గర్భసంచికి పుండయింది, వదిలేస్తే క్యాన్సరవుతుందని భయపెట్టి తీసేశారట. అండాశయాలు కూడా తీసేశారని తనకి ఎవరూ చెప్పలేదు, ఎన్నో ఏళ్ళ తర్వాత వేరే స్కానింగ్‌లో బయటపడింది. ఆపరేషన్ అయిన నెలకే ఒళ్ళంతా మంటలు. రాత్రిళ్ళు తువ్వాలు తడిపి గుండెల మీద పరుచుకుని పడుకునేదట. "ఎవరితో చెప్పనే, మీ నాన్నమ్మతో చెప్తనా?" అంది. నాకప్పుడు పన్నెండేళ్ళు. అమ్మ ఎప్పుడూ విసుక్కుంటుందని నేను మా అమ్మమ్మతో చాడీలు చెప్పిన రోజులవి.

అండాశయాలు తీసేస్తే మెనోపాజ్ రాత్రికి రాత్రే వచ్చి పడుతుంది. 35 ఏళ్ళకే వస్తే గుండెకీ ఎముకలకీ ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచి గర్భసంచి మాత్రమే తీసినా కొందరిలో మెనోపాజ్ ముందుగా వస్తుంది. ఇది మా అమ్మ ఒక్కదాని కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఈ ఆపరేషన్లలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవే. అనవసరంగా గర్భసంచి తీయడాన్ని అడ్డుకునే మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ పాటించాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మీ డాక్టరు చెడ్డవారని నేను అనడం లేదు. మన దగ్గర ఈ మాట చాలా తేలిగ్గా నోటికి వస్తోందని మాత్రం అంటున్నాను.

మీ సంగతికి వద్దాం. గర్భసంచిలో చిన్న గడ్డలు, ఫైబ్రాయిడ్లంటారే అవి, ఈ వయసులో చాలామందికి ఉంటాయి. మెనోపాజ్ తర్వాత మామూలుగా కుంచించుకుపోతాయి. మీకు 45 దాటి రక్తస్రావం ఎక్కువగా ఉంది కాబట్టి ముందు జరగాల్సింది గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం. అది చేశారా? చేయకపోతే ఎందుకు చేయలేదో అడగండి. ఆ పరీక్షలో చెడు ఏమీ లేకపోతే దారులు చాలానే ఉన్నాయి. నెలసరి రోజుల్లో మాత్రమే వేసుకునే, రక్తం తగ్గించే మాత్రలున్నాయి. ప్రొజెస్టరాన్ మాత్రలున్నాయి. కాపర్-టీలా లోపల పెట్టే హార్మోన్ లూప్ ఉంది, చాలా ఏళ్ళు పని చేస్తుంది. మా బడిలో సోషల్ మేడమ్‌కి ఆ లూప్ పెట్టారు, ఆపరేషన్ దాకా వెళ్ళకుండానే గడిచిపోయింది. గడ్డ పెద్దదై పక్క అవయవాలను నొక్కుతున్నా, మందులకి లొంగకుండా రక్తం పడిపోతున్నా, పరీక్షలో క్యాన్సర్ జాడ కనబడినా అప్పుడు ఆపరేషన్ సరైనదే, భయపడి మానకూడదు. చేయాల్సి వస్తే "అండాశయాలు ఉంచుతారా, తీస్తారా, తీస్తే ఎందుకు" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. ఈలోగా గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్ళు తిరుగుతున్నా ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

ఆవిర్లకి, నిద్రకి నేను హార్మోన్ చికిత్స తీసుకున్నాను. ఈ మాట వినగానే "అమ్మో, రొమ్ము క్యాన్సర్" అంటారు. నేనూ అన్నాను. ఆ భయం 2002లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంతో మొదలైంది. అందులో ఉన్నవాళ్ళ సగటు వయసు 63 అని, 45, 50 ఏళ్ళ వాళ్ళకి ఆ లెక్క అలాగే వర్తించదని డాక్టరమ్మ ఓపిగ్గా వివరించారు. ఇప్పుడు డాక్టర్లు అనేదేమంటే, 60 లోపు, నెలసరి ఆగి పదేళ్ళు దాటని ఆరోగ్యవంతులకు లాభమే ఎక్కువ. గర్భసంచి ఉన్నవాళ్ళకి ఈస్ట్రోజన్‌తో పాటు ప్రొజెస్టరాన్ తప్పనిసరి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, కాళ్ళలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు మామూలుగా తీసుకోకూడదు. కారణం తేలని రక్తస్రావం ఉంటే ముందు అది తేలాలి, అంటే మీకు ముందు ఆ పరీక్ష. నాకు బీపీ, మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) చూశాకే చేతికి రాసుకునే జెల్, రాత్రికి ఒక మాత్ర ఇచ్చారు. నాలుగో వారానికి ఆవిర్లు సగానికి తగ్గాయి. క్యాలెండర్‌లో 'ని' లేని వారం మొదటిసారి చూసినప్పుడు ఆ పేజీ మా ఆయనకి చూపించాను. హార్మోన్లు పడనివాళ్ళకి వేరే మందులున్నాయి, తక్కువ డోసులో ఇచ్చే కొన్ని డిప్రెషన్ మందులు ఆవిర్లనీ తగ్గిస్తాయి. ఆ చీటీ చూసి పిచ్చి మందులని కంగారు పడొద్దు.

మూత్రంలో మంట సంగతి. ఈస్ట్రోజన్ తగ్గితే లోపలి చర్మం పలచబడి పొడిబారుతుంది. మంట, మాటిమాటికీ మూత్రం, భార్యాభర్తలు కలిసినప్పుడు నొప్పి, ఇవన్నీ దానివల్ల రావచ్చు. నేను రెండేళ్ళు ఆయన్ని దూరం పెట్టాను, నొప్పి అని చెప్పలేక. ఆయన తన మీద ఇష్టం పోయిందనుకున్నారు. లోపల రాసుకునే ఈస్ట్రోజన్ క్రీమ్ తక్కువ డోసు, రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. దానితో ఆ మంట పోయింది. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి, ఆడ డాక్టరైనా మగ డాక్టరైనా సరే.

ఎముకల గురించి తక్కువే చెబుతాను గానీ వదిలేయొద్దు. నెలసరి ఆగిన మొదటి ఐదారేళ్ళలోనే ఎముక ఎక్కువగా అరుగుతుంది. నేను రోజూ రాగి జావ తాగుతాను. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, మనకి కావాల్సింది రోజుకి వెయ్యికి పైనే, కాబట్టి పాలు, పెరుగు, నువ్వులు కూడా ఉండాలి. విటమిన్ డి ఒకసారి పరీక్ష చేయించుకోండి. నడక ఒక్కటే చాలదు, బరువు కూడా ఎత్తాలి. నేను రెండు లీటర్ల నీళ్ళ సీసాలతో మొదలుపెట్టాను.

పిల్లల మీద అరిచి ఏడుస్తున్నానని రాశారు. అది మీ గుణం మారిపోవడం కాదు, నిద్ర లేని ఒంటి బాధ. మా పిల్లల్ని కూర్చోబెట్టి "అమ్మ ఒంట్లో ఇలా జరుగుతోంది, కోపం వస్తే కాసేపు గది బయట ఉండండి, మళ్ళీ నేనే పిలుస్తాను" అని చెప్పాను. మా అబ్బాయి అడగకుండానే నా మంచం పక్కన టేబుల్ ఫ్యాన్ తెచ్చి పెట్టాడు. రోజంతా దిగులుగా ఉన్నా, బతకాలని లేదనిపించినా టెలీ-మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, ఉచితం, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఎక్కడ చూపించుకోవాలి అంటే, జిల్లా ఆసుపత్రి లేదా మెడికల్ కాలేజీ గైనిక్ ఓపీలో రెండో అభిప్రాయం తీసుకోండి. లైన్ ఉంటుంది, ఉదయం తొందరగా వెళ్ళండి. తెలంగాణలో 2023 మార్చి 8న 'ఆరోగ్య మహిళ' పేరుతో మంగళవారాల్లో ఆడవాళ్ళకి ప్రత్యేకంగా చూసే క్లినిక్‌లు మొదలుపెట్టారు, అందులో మెనోపాజ్ కూడా ఉంది. మీ దగ్గరి పీహెచ్‌సీలో ఉందేమో ఆశా కార్యకర్తని అడగండి. ప్రైవేటుకి వెళ్ళేటట్టయితే "గర్భసంచి తీయకుండా ఏమేం చేయొచ్చు?" అని మొదటే అడగండి. ఆ ప్రశ్నకి విసుక్కునేవాళ్ళ దగ్గర ఆగొద్దు. వీలైతే మీవారిని లోపలికి తీసుకెళ్ళండి. నేను ఇంట్లో ఆరు నెలలు చెప్పినా ఎక్కనిది డాక్టరమ్మ చెబితే ఆయనకి ఐదు నిమిషాల్లో అర్థమైంది.

ఇప్పుడు ఒక పని చేయండి. స్కానింగ్ రిపోర్టు తీసి గడ్డ ఎన్ని సెంటీమీటర్లో, ఎండోమెట్రియం (గర్భసంచి లోపలి పొర) అని రాసిన చోట ఎన్ని మిల్లీమీటర్లో చూడండి. మీ హిమోగ్లోబిన్ ఎంతో కూడా చూడండి. ఆ మూడూ మీ క్యాలెండర్‌లో ఇవాళ్టి తేదీ కింద రాసుకుని, రెండో డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ పేజీ పట్టుకెళ్ళండి. వాళ్ళేమన్నారో ఇక్కడ కింద రాయండి, రాత్రి తొమ్మిది తర్వాత రోజూ చూస్తాను.