బటన్ నొక్కాకే పెట్టె చదవాలి

ప్రశ్న: మాది చిత్తూరు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారు మామిడి మండీ నడుపుతారు. రైతులకిచ్చే చీటీల లెక్క కోసం పైథాన్‌లో, కిటికీలు తయారుచేసే టికింటర్ అనే సాధనంతో చిన్న కిటికీ తయారుచేశాను. బరువుకు ఒక పెట్టె, కిలో ధరకు ఒక పెట్టె, కింద ‘లెక్కించు’ బటన్. ఎంత కొట్టి బటన్ నొక్కినా ఫలితం ఖాళీగానే వస్తోంది. గుణించడానికి, కొట్టినదాన్ని దశాంశ సంఖ్యగా మార్చే ఫ్లోట్ చేరిస్తే కిటికీ తెరుచుకోకముందే వాల్యూ ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది. ప్రోగ్రాం జతచేశాను. తప్పు ఎక్కడుంది?
– ఒక విద్యార్థిని, చిత్తూరు

జవాబు: అమ్మా, మీ ప్రోగ్రాం మొత్తం చదివాను. అంకెలు కొట్టే ఎంట్రీ పెట్టెను సృష్టించి, దాని కింది వరుసలోనే ‘బరువు = బరువు_పెట్టె.గెట్()’ అని రాశారు; పెట్టెలో ఉన్నదాన్ని చదివేది ఈ గెట్. చిక్కంతా అక్కడే ఉంది. (గెట్, కమాండ్ వంటివి ఇక్కడ తెలుగులో అచ్చవుతున్నా కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. ‘బరువు’ వంటి మీ సొంత పేర్లు మాత్రం పైథాన్ 3లో తెలుగులోనే ఉండవచ్చు.)

తిరుపతిలో నా దగ్గర పైథాన్ నేర్చుకునే పిల్లల్లో చాలామంది సి భాష చదివి వస్తారు. అక్కడ స్కాన్‌ఎఫ్ దగ్గర ప్రోగ్రాం ఆగి, మనం ఏదో ఒకటి కొట్టేదాకా ఎదురుచూస్తుంది. గెట్ కూడా అలాగే ఆగుతుందని వాళ్ల నమ్మకం. అది ఆగదు. ఆ క్షణంలో పెట్టెలో ఏముంటే అది తీసుకుని ముందుకు వెళ్లిపోతుంది. మీ ప్రోగ్రాం ఆ వరుసకు వచ్చేసరికి కిటికీ ఇంకా తెరమీదికే రాలేదు, మీ నాన్నగారు ఒక్క అంకె కూడా కొట్టలేదు. బండి కాటా ఎక్కకముందే చీటీ రాసేసినట్టయింది. గెట్‌కు దొరికింది ఖాళీ స్ట్రింగ్, అంటే ఒక్క అక్షరమూ లేని అక్షరాల వరుస. అదే ‘బరువు’లో ఉండిపోయింది. తర్వాత పెట్టెలో 480 కొట్టినా ‘బరువు’ దానంతటది మారదు. ఖాళీ స్ట్రింగ్‌ను ఫ్లోట్ సంఖ్యగా మార్చలేదు, అందుకే ఆ వాల్యూ ఎర్రర్.

రెండు గెట్ వరుసలనూ అక్కడి నుంచి తీసి ‘లెక్కించు’ ఫంక్షన్ లోపల, మొదటి వరుసలుగా పెట్టండి. కిటికీ ప్రోగ్రాంలో పై వరుసలన్నీ సరంజామా సిద్ధం చేయడానికే. మెయిన్‌లూప్ (కిటికీని తెరిచి ఉంచి, వాడే మనిషి కోసం ఎదురుచూసే భాగం) మొదలయ్యాక ఎప్పుడు ఏది జరగాలో నిర్ణయించేది వాడే మనిషి. కాబట్టి ఆయన కొట్టినదాన్ని ఆయన బటన్ నొక్కిన తర్వాతే చదవాలి.

బటన్ వరుసలో ‘కమాండ్=లెక్కించు()’ అని ఉంది. ఆ కుండలీకరణాలు తీసేయండి. అవి ఉంటే బటన్ తయారవుతున్నప్పుడే ఫంక్షన్ ఒకసారి నడిచిపోతుంది, అది తిరిగి ఇచ్చిన ‘నన్’ (పైథాన్‌లో ‘ఏమీ లేదు’ అని అర్థం) బటన్‌కు దక్కుతుంది. ఇక ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. ‘కమాండ్=లెక్కించు’ అని పేరు మాత్రమే ఇవ్వాలి.

గెట్ ఎప్పుడూ ఇచ్చేది స్ట్రింగే, సంఖ్య కాదు. ఒకే రైతు సరుకు రెండు తూకాలుగా వచ్చి, 480, 520 అని కొట్టి మార్చకుండా కూడితే 1000 రాదు, 480520 వస్తుంది. రైతు చేతికి వెళ్లే కాగితం మీద అలాంటి అంకె పడకూడదు. డబ్బు లెక్కకు ఫ్లోట్ బదులు, దశాంశాలను ఉన్నవున్నట్టే లెక్కించే డెసిమల్ వాడమని నా గట్టి సలహా. పెట్టెలోంచి వచ్చిన స్ట్రింగ్‌ను అది నేరుగా తీసుకుంటుంది, పైసల దగ్గర తేడా రానివ్వదు. 480 కిలోలు, కిలో 12.50 కొట్టి చూడండి. ఫ్లోట్ అయితే 6000.0 అంటుంది, డెసిమల్ అయితే చీటీలో ఉండవలసినట్టే 6000.00 అంటుంది.

మండీలో 1,250 అని కామాతో కొట్టేవారు తప్పక ఉంటారు. ఫ్లోట్ అయినా డెసిమల్ అయినా కామాను ఒప్పుకోవు, ముందుగా రీప్లేస్‌తో దాన్ని తీసేయండి. ౪౮౦ అని తెలుగు అంకెలు కొడితే మాత్రం రెండూ చక్కగా చదువుతాయి. ఇది చూపించినప్పుడల్లా నా విద్యార్థుల ముఖాలు వెలిగిపోతాయి, నాకూ సంతోషమే.

పెట్టె ఖాళీగా ఉంటే సున్నా అనుకుని ముందుకు పోనివ్వకండి. సీజన్ తొందరలో బరువు కొట్టడం మరిచిపోతే సున్నా రూపాయల చీటీ తయారవుతుంది. ట్రై, ఎక్సెప్ట్ (ఎర్రర్ వస్తే పట్టుకునే వరుసలు) పెట్టి, ఫలితం చూపే లేబుల్‌లో ‘బరువు సరిగా కొట్టండి’ అని రాయించి, ఫోకస్_సెట్‌తో కర్సర్‌ను ఆ పెట్టెలోకే పంపండి. డెసిమల్ విసిరేది వాల్యూ ఎర్రర్ కాదు, ఇన్‌వ్యాలిడ్‌ఆపరేషన్. ఎక్సెప్ట్ దగ్గర ఆ పేరే ఉండాలి. పొరపాటున వదిలేస్తే కిటికీ మూతపడదు, ఎర్రర్ వెనక ఉన్న నల్ల తెరలో (కన్సోల్‌లో) పడుతుంది. మండీలో ఆ నల్ల తెర లేకుండా నడిపితే ఎవరికీ ఏమీ కనిపించదు, బటన్ పాడైందనుకుంటారు.

ప్రశ్న: ఎంట్రీని ఒకే వరుసలో సృష్టించి గ్రిడ్‌తో అమర్చాను. గెట్‌ను ఫంక్షన్ లోపలే రాశాను. అయినా ‘నన్‌టైప్’కు గెట్ లేదంటోంది.
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: గ్రిడ్ పెట్టెను అమర్చుతుంది, కానీ తిరిగి ఇచ్చేది ‘నన్’. ‘పేరు_పెట్టె = ఎంట్రీ(...).గ్రిడ్(...)’ అని రాస్తే పేరు_పెట్టెలో మిగిలేది ఆ నన్. తెరమీద పెట్టె కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. రెండు వరుసలుగా విడగొట్టండి: మొదటిదానిలో ఎంట్రీ, రెండోదానిలో ‘పేరు_పెట్టె.గ్రిడ్(...)’. ప్యాక్, ప్లేస్ వాడినా ఇంతే.