స్వెట్టర్ మీద రెయిన్‌కోటు వేసుకుని పరిగెత్తితే బరువు తగ్గుతామా?

ప్రశ్న: నా వయసు 22. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం రోజూ తెల్లవారుజామున అయిదింటికి బారువ రోడ్డులో 5 కిలోమీటర్లు పరిగెడుతున్నాను. చలికి కాటన్ బనీను, స్వెట్టర్, మంకీ క్యాప్ వేసుకుంటాను. చెమట బాగా పడితే బరువు తగ్గుతారని స్నేహితులు చెప్పడంతో వారం నుంచి పైన రెయిన్‌కోటు కూడా వేస్తున్నాను. పరుగు ఆపగానే దగ్గు, వణుకు వస్తున్నాయి. తొడలు ఒరుసుకుపోయి మంట, గజ్జల్లో దురద. ఎలాంటి బట్టలు వేసుకోవాలి?
– ఓ పాఠకుడు, సోంపేట

జవాబు: రేపటి నుంచే ఆ రెయిన్‌కోటు మానేయండి. పరిగెత్తేటప్పుడు కండరాలు ఖర్చు చేసే శక్తిలో దాదాపు నాలుగింట మూడొంతులు వేడిగానే మారుతుంది. చెమట ఆరితేనే ఆ వేడి చాలావరకు ఒంట్లోంచి పోతుంది. రెయిన్‌కోటు లోపల గాలి ఆడదు కాబట్టి చెమట కారుతుందే తప్ప ఆరదు. ఒళ్లు లోలోపల కాగిపోతుంది. లీటరు చెమట పోతే తూకంలో కిలో తగ్గినట్టు కనిపిస్తుంది, నీళ్లు తాగగానే ఆ కిలో తిరిగి వచ్చేస్తుంది. కొవ్వు మాత్రం కరగదు.

మీది కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం కాబట్టి ఈ విషయంలో మరింత గట్టిగా చెబుతున్నాను. ఒంట్లో నీరు పదేపదే తగ్గిపోతుంటే కిడ్నీలపై భారం పడుతుంది. కాళ్ల నొప్పులకని పరుగుకు ముందో తర్వాతో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు వేసుకునే అలవాటు ఉంటే ఆపేయండి. ఒకసారి బీపీ, సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), మూత్ర పరీక్ష చేయించుకోండి. బయల్దేరే ముందు ఒకటి రెండు గ్లాసుల నీళ్లు తాగండి. పరుగయ్యాక మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటే తాగిన నీళ్లు చాలలేదన్నమాట.

ఇక వణుకు. దానికి కారణం చలి ఒక్కటే కాదు, మీ కాటన్ బనీను కూడా. కాటన్ చెమటను పీల్చుకుని ఒంటికి అతుక్కుపోతుంది, త్వరగా ఆరదు. పరుగు ఆపగానే ఒంట్లో వేడి పుట్టడం తగ్గుతుంది, తడి బట్ట మాత్రం వేడిని లాగేస్తూనే ఉంటుంది. పొడి గాలి కన్నా నీరు దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగుతుంది. దానికి సముద్రపు గాలి తోడైతే వణుకు రాక తప్పదు.

పరుగులో ఒళ్లు వేడెక్కుతుంది కాబట్టి, బయట 16 డిగ్రీలు ఉంటే 25 డిగ్రీలు ఉన్నట్టు లెక్కేసుకుని బట్టలు వేసుకోండి. మన తీరంలో చలికాలపు ఉదయాలకు పల్చటి పాలిస్టర్ ఫుల్ హ్యాండ్స్ టీషర్టు ఒక్కటి, కింద షార్ట్ లేదా పల్చటి ట్రాక్ ప్యాంటు చాలు. గడప దాటగానే కాస్త చలి వేయాలి. పది నిమిషాల్లో అదే సర్దుకుంటుంది. గుమ్మంలోనే వెచ్చగా ఉందంటే ఒక బట్ట ఎక్కువైనట్టే. గాలి బాగా వీస్తుంటే ముందు జిప్ ఉన్న పల్చటి విండ్‌చీటర్ వేసుకుని, ఒళ్లు వేడెక్కగానే జిప్ దించండి. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా, వచ్చేటప్పుడు గాలి వీపుకు తగిలేలా దారి చూసుకోండి. చెమట పట్టాక ఎదురుగాలి కొడితేనే కష్టం. సీతంపేట కొండల వైపో అరకులోనో, 10 డిగ్రీల లోపు చలిలో పరిగెత్తాల్సి వస్తే ఒంటికి పట్టి ఉండే పాలిస్టర్ బనీనుపై విండ్‌చీటర్, చెవులకు బ్యాండు, చేతులకు గ్లౌజులు కావాలి. అక్కడా ఉన్ని స్వెట్టర్ వద్దు.

నవంబరులో వాయుగుండం పట్టి ముసురు మొదలైతే, ముందుకు అంచు ఉన్న టోపీ పెట్టుకోండి, కళ్లలో చినుకులు పడవు. వదులు కాటన్ ప్యాంటు తడిస్తే బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది. తడి సాక్సులతో బొబ్బలొస్తాయి, అందుకే ఇంకో జత దగ్గరుంచుకోండి. తడిసిన బూట్లలో న్యూస్‌పేపర్ కుక్కి నీడన ఆరబెట్టాలి. ఉరుములు వినిపిస్తే పరుగు మానండి. మంచులో ముదురు రంగు బట్టలు డ్రైవర్లకు కనిపించవు. లేత రంగు చొక్కాపై మెరిసే పట్టీ ఉండాలి, వాహనాలకు ఎదురుగా రోడ్డు కుడి అంచున పరిగెత్తాలి.

తొడలు ఒరుసుకోకుండా షార్ట్ లోపల స్కిన్‌ఫిట్ నిక్కరు వేసుకుని, రాపిడి తగిలేచోట పల్చగా వాజిలైన్ రాయండి. గజ్జల్లో దురద బహుశా తామర. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే క్రీముల్లో చాలావాటిలో క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు కలిసి ఉంటాయి. రెండ్రోజులు దురద తగ్గించి, తామరను మాత్రం పాకించి మొండిగా మారుస్తాయి. చర్మవైద్యుడికి చూపించి, చెప్పినన్ని వారాలూ మందు వాడండి. లోదుస్తులు, తువ్వాలు వేడినీళ్లలో విడిగా ఉతికి ఎండలో ఆరేయండి. ఎవరితోనూ పంచుకోవద్దు.

దగ్గు సంగతి తేలిగ్గా తీసుకోకండి. చల్లని పొడి గాలిని నోటితో వేగంగా పీల్చినప్పుడు కొందరిలో శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. పరుగు ఆపాక 5–10 నిమిషాల్లో దగ్గు, పిల్లికూతలు పెరిగి అరగంట, గంటలో తగ్గుతాయి. పరుగుకు ముందు 10–15 నిమిషాలు నడక, నెమ్మది జాగింగ్ చేయండి. మంకీ క్యాప్ బదులు ముక్కు, నోటిపై పల్చటి బట్ట కట్టుకుంటే పీల్చే గాలి వెచ్చబడుతుంది. అయినా తగ్గకపోతే స్పైరోమెట్రీ (ఊపిరితిత్తుల పనితీరు చూసే ఊదుడు పరీక్ష) చేయించాలి. అవసరమైతే పరుగుకు ముందు వాడే ఇన్‌హేలర్ డాక్టరు రాసిస్తారు. పరుగులో ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, మాట తడబడటం ఉంటే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లండి.

మీ స్వెట్టర్‌ను పారేయనక్కర్లేదు, పరుగయ్యాక వేసుకోండి. ఇంటికొచ్చిన అయిదు నిమిషాల్లో తడి బట్టలు విప్పి, ఒళ్లు తుడుచుకుని, పొడి చొక్కాపై స్వెట్టర్ వేయండి. 1600 మీటర్ల పరుగు పరీక్ష రోజున మైదానంలో చాలాసేపు నిలబడాల్సి రావచ్చు. అప్పుడు కూడా స్వెట్టర్ వేసుకుని ఉండండి. మీ బ్యాచ్‌ను పిలవడానికి కాస్త ముందు విప్పేసి వార్మప్ మొదలుపెట్టండి. ఆ రోజు కొత్త బూట్లు, కొత్త షార్ట్ మాత్రం వద్దు.